ఒంటి సీటు బండి

బండి దించిన పొద్దు మా వీధిలో ఆడోళ్ళు, మొగోళ్ళు అందరూ పనులిడిచి వచ్చినారు. వినాయకుణ్ణి నీళ్ళలో కలిపిన వారమది. మా కూతురు శివజ్యోతి ఆదోనిలో నర్సు. దానికి తెలిసిన రిటైరయిన అయ్యవారొకాయన కాలం చేస్తే, ఆయన తిరుగుతాండిన బండిని ఇంటోళ్ళు అమ్ముతామన్నారంట. అది బేరమాడి, ఆటోలో ఏసుకోని తెచ్చింది. మూడు చక్రాలు, ఎర్ర రంగు, ముందర తీగల బుట్ట. పెట్రోలు లేదు, డీజలు లేదు. సెల్లుకు పెట్టినట్ల ప్లగ్గుకు పెడితే సరి. పిడి తిప్పితే పోతాది, ఇడిస్తే నిలబడతాది. పిల్లి నడిచినట్ల, చప్పుడే రాదు. సీటు మాత్రం ఒక్కటే.

"ఏం సుంకమ్మా, ఎలక్షన్లో నిలబడతాండావా?" అని ఒకడు.

"నిలబడేకి మోకాళ్ళు యాడుండాయప్పా, కూర్చోనే గెలుస్తా" అంటి నేను.

మా ఇంటాయన అరుగు మీద కూర్చోని బీడీ తాగుతా, "ఎద్దుల బండి తోలినన్ని దినాలు ఎనక కూర్చోని, మెల్లగ పో, గట్టిగ పో అని నా ప్రాణం తీస్తివి. ఇప్పుడు నువ్వు తోల్తాంటే ఎనక కూర్చోని తిట్టేకి నాకు సీటే లేకపాయె" అన్నాడు. అందరూ నగినారు. నేనూ నగినా. నాకు నిజంగా సంతోషం.

ఎందుకంటే నా మోకాళ్ళు అరిగిపోయి శానా కాలమాయె. బాయి కాడికి పోవాలన్నా, చేనికి పోవాలన్నా సోమక్క భుజం ఉండాల. సోమక్క నా తోడికోడలు, మా బావ పెండ్లాము. గోడకు ఆ పక్క ఆయమ్మ ఇల్లు, ఈ పక్క మాది. బావ పోయినాక కొడుకు రంగస్వామి, కోడలితో ఉంటాది. మనిషి నిట్రాటలాగ నిటారుగా ఉంటాది, ఒక్క నొప్పని చెప్పదు. నా ఎడమ చెయ్యి ఆయమ్మ భుజం మీద వేసి, నేను కుంటుతా, వాగుతా, ఆయమ్మ ఊఁ కొడతా, అట్ల నడిచేటోళ్ళం. ఊర్లో మాకు జోడెడ్లని పేరు.

ఆ పొద్దు అందరూ పోయినాక సోమక్క బండి దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో తడిమి తడిమి చూసింది. అద్దం, పిడి, సీటు, కిందికి వంగి చక్రం దాంక.

"ఎంత నున్నగుండాదే సుంకీ. ఇంకొకరు యాడ కూర్చుంటారే?"

"ఒక్కరికేనంటక్కా."

"ఓహో" అని చెయ్యి తీసుకునింది.

తడిమి చూసింది, కండ్లతో కాదు. ఆ మాట నాకు అప్పుడు తట్టలే. నేను సీటు మీద కూర్చోని ఉంటి కదా, నాకేం తడతాది.

ఆ తర్వాత బుడ్డల కాలం, అదే వేరుశెనక్కాయల కాలం వచ్చింది. శెనగబుడ్డలు పీకి, చెట్లు ఎత్తి వామి వేసినాక, తెగిపోయిన బుడ్డలు మట్టిలోనే ఉండిపోతాయి. వాటిని ఏరుకోవడాన్ని మేము పరిగె అంటాము. ముసలోళ్ళకు, మొగుడు లేనోళ్ళకు అది ఏటికొకసారి దొరికే సొంత సంపాదన. కొడుకునడగకుండా కోడలినడగకుండా ఒక మూట బుడ్డలు ఇంటికి తెస్తే ఆ దర్జానే వేరు. కానీ ఎవరి చేన్లోకి పడితే వాళ్ళ చేన్లోకి పోగూడదు. చేను గలాయన తన కూలోళ్ళతో ఒకసారి మట్టి తిప్పించి, తనకు చాలిందనుకున్నాక, "చేను ఇడిచినా, రాండి" అని నోటితో చెప్పాల. అంతవరకు చేని మొదట్లో దావకడ్డంగా కంప ఏసి ఉంటాడు. కంప ఉంటే కాలు పెట్టగూడదు. పెడితే దొంగతనం. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు. మా ఊర్లో చంటిపిల్లోనికి కూడా తెలుసు.

ముందుగా గోపన్న చేను ఇడిచినాడు. మొదటి పొద్దు నేను బండి మీద, సోమక్క నా పక్కన. ఆయమ్మ బండి అద్దం కొక్కెం పట్టుకోని నడుస్తాండె. ఆ బండికి అంత మెల్లగ పోవడం చేతకాదు. పిడి కొంచెం తిప్పితే ఎగిరి దుంకుతాది, ఇడిస్తే తటాలున నిలబడతాది. నాకు నడుములు జారిపోయె, ఆయమ్మకు చెయ్యి లాగిపోయె.

"పో సుంకీ, నువ్వు ముందర పో. నేనేమన్నా చిన్నపిల్లనా, వస్తా."

"నిజంగా పోదునా?"

"పోవే ముండా" అని వీపు మీద ఒకటి చరిచింది.

పోతి. ఏం చెప్పాల మీకు. పుట్టిన కాడ్నుంచి నేను దేన్నీ తోల్లేదు. ఎద్దుల బండిలో ఎనక, ట్రాక్టర్లో ఎనక, ఆటోలో మూలకు. ముందర కూర్చుంటే దావంతా మన దగ్గరికే వస్తాదని ఈ వయసులో తెలిసింది. మొగానికి గాలి కొడతాంటే, కొంగు ఎనక ఎగురుతాంటే, కుక్కలు మొరిగి మొరిగి అలిసిపోతాంటే, నాకు మోకాళ్ళున్నాయనేదే మర్సిపోతి. నేను అందరికంటే ముందర చేనికి చేరితి. ట్రాక్టరు మలుపు తిరిగే చోట బుడ్డలు ఎక్కువ తెగి పడతాయి. ఆడ కూర్చుంటి.

సోమక్క శానా సేపటికి వచ్చింది. మోచెయ్యి గీసుకోని ఉండాది, చీరంచుకు ముండ్లకాయలు.

"ఏమక్కా, ఇంత పొద్దయింది?"

"ఆకూవక్క వేసుకుందామని కూర్చుంటి."

ప్రతి ఏడూ మేమిద్దరం పక్కపక్కన కూర్చునేటోళ్ళం. ఆ పొద్దు నా పక్క చోట్లో వేరే ఆడోళ్ళు కూర్చోని ఉండారు. జరగండమ్మా అని ఒక మాటంటే జరిగేటోళ్ళు. నేను అనలే. ఆయమ్మ ఎక్కడో కొసకు పోయి కూర్చునింది. కూర్చుంటే మాత్రం ఆయమ్మను మించినోళ్ళు లేరు. ఏళ్ళు మట్టిలోకి పోతే బుడ్డతోనే బయటికొస్తాయి. చూడను కూడా చూడదు, మొగం ఎత్తి ఎటో చూస్తా ఏరుతాది. అది మేము ఆయమ్మ పనితనమనుకుంటిమి.

అట్లనే దినాలు జరిగిపాయె. నేను ముందర పోతా, ఆయమ్మ ఎనక వస్తాది. ఒక పొద్దు కాలికి గుడ్డ కట్టుకోని వచ్చె, ఒక పొద్దు చీర మోకాలు దాంక తడిసిపోయి వచ్చె. కాలవలో జారితి అనింది. సరేలే అనుకుంటి. ఏదో ఉండాదని నాకు తెలీకపోలే. అడిగితే బండి దిగి నడవాల్సొస్తాదని అడగలే. ఇది ఇప్పుడు అంటాండా. అప్పుడు ఇంత నేరుగా నాకు నేనే చెప్పుకోలే.

గోపన్న చేని పక్కనే నరసన్న చేను. చెట్లు ఎత్తేసినాడు గానీ ఇంకా ఇడువలే. కంప నిండుగా ఏసి ఉండాది. ఆ పొద్దు మేము గోపన్న చేన్లో కూర్చోని ఏరుకుంటాండాము. సోమక్క ఇంకా రాలే అనుకుంటాండా. అంతలో పక్క చేన్లో నరసన్న కేక.

"ఎవరది ఆడ? ఎవరది?"

అందరం తలెత్తి చూస్తిమి. చేని నడిమధ్యలో సోమక్క. ఒళ్ళో కొంగు నిండా బుడ్డలు, పక్కన గోనెసంచి సగానికొచ్చింది. దావ తప్పి, కంప లేని గట్టు పక్క నుంచి దిగినట్లుండాది. ఎవరూ తిప్పని మట్టి కదా, చెయ్యి పెడితే బుడ్డలే. మొగం వెలిగిపోతాండాది. నరసన్న కేక తననని ఆయమ్మ అనుకోనే లేదు. మా అలికిడికి ఈ పక్క మొగం తిప్పింది.

"ఎవరు సుంకీనా?" అనింది. "రావే, ఈ పొద్దు భూమి బలే ఇస్తాండాది."

నరసన్న దగ్గరికి పోయినాడు. మంచోడే. సోమక్క అని తెలిసినాక గొంతు తగ్గించినాడు. మా ఎనకాల ఆడోళ్ళు లేచి గట్టు మీదికి వచ్చినారు. నేనూ పట్టుకోని పట్టుకోని లేచి పోతి.

"సోమక్కా, నువ్వా?" అన్నాడు. "కంప కనపడలేదా నీకు?"

తప్పించుకునేకి దావ చూపించినాడు పాపం. కనపడలేదంటే అయిపోయేది. ఆయమ్మ లేచి నిలబడింది. నరసన్న అప్పటికే ఈ పక్కకు జరిగినాడు. ఆయమ్మ మాత్రం అంతకుముందు ఆయన నిలబడిన చోటికే మొగం పెట్టి చెప్పింది.

"కనపడింది నరసన్నా. ఆశ పుట్టింది. తప్పయింది."

అప్పుడు తెలిసింది నాకు. ఎవరూ లేని చోటు చూస్తా, నిటారుగా నిలబడి, దొంగనని ఒప్పుకుంటాండాది.

ఆయమ్మ కొంగు తానే ఇదిలించుకునింది. సంచి ఎత్తి నరసన్న మట్టిలోనే గుమ్మరించినాడు. "ఈ ఏడు నా చేన్లోకి రావద్దక్కా" అన్నాడు. గట్టు మీద ఎవరో "ఎంత పెద్దమనిషనుకుంటిమి" అనింది. ఇంకెవరో నా పక్క చూసి, "నీకు తెలుసా సుంకమ్మా?" అనింది.

"నాకేం తెలుసమ్మా" అంటి.

అంటి. ఆ మాట నేనే అంటి. నోట్లో ఇంకొక మాట ఉండె. ఆయమ్మకు చూపు లేదప్పా అని. అది బయటికొస్తే, మరి నువ్వు ఇన్నాళ్ళు ఎట్లా ఇడిసిపెట్టి పోతివి అని అడుగుతారు. బండి దిగు అంటారు. అంత లెక్క ఆ ఘడియలోనే నా తలకాయలో తిరిగిపాయె. అక్షరం రాని దాన్నే, దానికి మాత్రం చదువు అక్కరలేకపాయె.

సోమక్క నడవబోయింది, ఊరి పక్క కాదు, కొండ పక్క.

"అక్కా, ఈ పక్క" అంటి. నా గొంతుకు తిరిగి వచ్చింది. వచ్చి బండి ఎనక కడ్డీ పట్టుకునింది. నేను ఎక్కి పిడి తిప్పితి. దుంకుతా, నిలబడతా ఊర్లోకి వస్తిమి. దావలో నేను ఒక్క మాట మాట్లాడలే. ఆయమ్మ రెండు సార్లు గుంతలో కాలు పెట్టింది.

మేము చేరకముందే ఆ మాట చేరె. రంగస్వామి వాకిట్లోనే ఉండాడు.

"మేము కూడు పెట్టడం లేదామ్మా నీకు? పక్కోడి చేన్లో దొంగతనం చేసే కర్మేమొచ్చె? నేను నలుగుర్లో ఎట్ల తిరగాల? ఇంగ గడప దాటితే చూడు."

ఆయమ్మ కాళ్ళు కడుక్కోని లోపలికి పోయింది. చెంబు యాడుండాదో, గడప యాడుండాదో అంతా సరిగ్గా పోయింది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాకపోవడంలో వింతేమీ లేదు. ఆ ఇంట్లో ప్రతి రాయీ ఆయమ్మ కాలికి తెలుసు.

మర్సటి పొద్దు రంగస్వామి, కోడలు పనికి పోయినాక నేను గోడ ఇవతల్నుంచి పిలిస్తి. ఆయమ్మ బియ్యంలో రాళ్ళేరుతా ఉండె, ఏళ్ళతోనే.

"ఎన్ని దినాల నుంచక్కా?"

దేని గురించి అని అడగలే. "పోయినేడు పండగప్పుడు పక్కలకు చూపు పోయింది. ఇప్పుడు ముందర కూడా మబ్బు. ఎలుతురు తెలుస్తాది, మనిషి తెలుస్తాడు, ఎవరో తెలీదు."

"మరి నాతో నడుస్తాంటివి కదా!"

"నువ్వు దావంతా వాగుతావు కదే. ఈడ గుంత, ఈడ పేడ, అదిగో ఫలానోడు వస్తాండాడు, వాని పెండ్లాం పుట్టింటికి పోయింది. నాకింకేం కావల్ల? నా భుజం మీద నీ చెయ్యి ఎటు లాగితే అటు పోతాంటి. నువ్వేమో నేను నిన్ను నడిపిస్తాండా అనుకుంటివి." నగింది. "నీ బండి చప్పుడన్నా చేస్తే ఎనకాల్నే వస్తాంటి. అది మూగది."



"రంగనికి చెప్పనా అక్కా? శివజ్యోతికి చెప్తే డాక్టరు..."

"చెప్తే సచ్చినంత ఒట్టు." చేట పక్కన పెట్టింది. "మనత్త గుర్తుండాదా? కండ్లు పోయినాక మంచానికి, పెరట్లోకి తాడు కట్టిస్తిమి. ఆ తాడు పట్టుకోని పోయి, ఆ తాడు పట్టుకోని వచ్చి, అట్లే పాయె. ఆ తాడు కట్టింది నేనే సుంకీ, ఈ చేతులతో. దొంగదంటే నాలుగు దినాలు అంటారు, మర్సిపోతారు. చూపు లేదంటే మంచం మీద కూర్చోబెడతారు. మళ్ళ లేపరు."

"సరే అక్కా, నేను బండి పక్కన పెడతా. రేపట్నుంచి ఇద్దరం నడుస్తాము" అంటి.

"నీ మోకాళ్ళో?"

"పోతే పోనీ."

మనసారనే అంటి. మర్సటి దినం నిద్ర లేచి, కాలు కింద పెడితే మోకాల్లో సూది గుచ్చినట్లాయె. బండి వాకిట్లో నిండుగా చార్జింగై ఉండె. రంగడు ఎట్లా గడప దాటనీయడు కదా, ఆయమ్మ వచ్చేది లేదు కదా అనుకుంటి. బండి ఎక్కితి. ఆయమ్మ వాకిలి ముందర్నుంచే పోవాల. చప్పుడు లేని బండి కాబట్టి తెలీదనుకుంటి. ఆయమ్మ అరుగు మీద కూర్చోని ఉండె. నేను దాటుతాంటే మొగం తిప్పి, చూపు లేని కండ్లతో నన్నే చూసింది. బండి చప్పుడు రాలేదు గానీ గాలి వచ్చింటాది.

నాలుగు దినాల్లో మర్సిపోతారనింది కదా, అట్ల కాలే. పిండి మర ముందర అదే మాట, నీళ్ళ ట్యాంకు కాడ అదే మాట. ఎప్పుడో ఎవరింట్లోనో పోయిన కోడిపెట్టను కూడా ఆయమ్మ లెక్కలోనే ఏసిరి. రంగస్వామి తల్లిని పలకరించడం మానేసె. దొంగ పేరు పెట్టుకోని దావలు మిగుల్చుకుందామని చూసింది ఆయమ్మ. పేరూ పాయె, దావలూ పాయె. నేను చేనికి పోతాండా, మూట తెస్తాండా.

కార్తీకం సగమయినాక నరసన్న తన చేను ఇడిచినాడు. నేను పోతి. ఆయనే గట్టు మీద నిలబడి అందర్నీ రమ్మంటాండె.

"రా సుంకమ్మా, నీకేం, దర్జాగా కారులో వస్తావు. నీ తోడికోడలిని మాత్రం తేవద్దు" అని నగినాడు.

కూర్చుంటి. ఏరబోతి. ఆయమ్మ కూర్చున్న చోటే అది. ఆయన గుమ్మరించిన బుడ్డలు కొన్ని వానకు మొలకొచ్చి ఉండె. చెయ్యి పెట్టలేకపోతి. నరసన్న నా పక్క దాటి పోతాండాడు.

"నరసన్నా" అంటి. తలెత్తలే. "ఆయమ్మకు కంప కనపడలే. ఏదీ కనపడదు."

ఆయన నిలబడిపోయినాడు. నాకు ఆయన చెప్పులే కనపడతాండె.

"నీకెప్పుడు తెలుసు?"

"ఆ పొద్దే."

ఏమన్నా తిట్టింటే బాగుండు. తువ్వాలు దులిపి భుజాన ఏసుకోని, కూలోళ్ళను కూడా పిలవకుండా ఊరి పక్క పోయినాడు.

ఆ తర్వాత జరిగిందంతా మంచే. వినండి, ఎంత మంచో. నరసన్న గంపెడు బుడ్డలు తలకెత్తుకోని సోమక్క ఇంటికి పోయి, "తప్పయిందక్కా" అని కాళ్ళకు మొక్కబోయినాడు. ఆయమ్మ కాళ్ళు ఎనక్కి తీసుకోని, "నేను ఏరని బుడ్డలు నాకెందుకప్పా, తీసుకుపో" అనింది. మాటలనిన ఆడోళ్ళంతా వచ్చి కూర్చోని ఏడ్చి పోయినారు. రంగస్వామి తల్లి ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. శివజ్యోతి వచ్చి, పెద్దమ్మను ఆదోనికి తీసుకుపోయి డాక్టరుకు చూపించింది. పొర అయితే తీసేటోళ్ళమనిరంట. ఇది పొర కాదు, లోపల నరం ఎండుతాండాది, పోయింది రాదు, మిగిలినదాన్ని చుక్కల మందుతో నిలబెట్టుకోవాల అనిరంట. "ముందే తెచ్చింటే ఇంకొంచెం మిగిలేదమ్మా" అని శివజ్యోతి నాకు చెప్తా, నా మొగం చూసి మాట మార్చింది. ఆ దినాల్లో ఎంత పోయిందో ఆయమ్మకే తెలుసు. నేను అడగలే.

ఇంటికొచ్చినాక మర్యాద అంతా ఇంతా కాదు. కోడలు చెంబు చేతికిస్తాది, పళ్ళెం ఒళ్ళోకిస్తాది. పొయ్యి దగ్గరికి రానీయరు. వీధిలో కాలు పెడితే చాలు, ఎవరో ఒకరు ఉరికొచ్చి చెయ్యి పట్టుకోని అరుగు మీద కూర్చోబెడతారు. "ఎందుకవ్వా నీకు, కూర్చో." రంగస్వామి అంగట్లోంచి నీలం నైలాను తాడు తెచ్చి, మంచం కాలికి ఒక కొస, బాత్రూం తలుపుకు ఒక కొస బిగించినాడు. ప్రేమతోనే. ముడి గట్టిగుండాదా అని నన్నే లాగి చూడమన్నాడు. లాగి చూస్తి. గట్టిగుండాదప్పా అంటి. సోమక్క మంచం మీద కూర్చోని వింటా ఉండె.

నాతో మాట్లాడ్డం ఆపేసింది. కోపమని కూడా చూపించదు. పోతే, ఆ పక్క మొగం పెట్టుకోని కూర్చుంటాది. నేను వాగుతా. వాన గురించి, రేట్ల గురించి, ఎవరింట్లో బిడ్డ పుట్టిందో దాని గురించి. ఊఁ కొట్టదు. ఊఁ లేకుంటే నా మాటలు నాకే అడ్డం పడుతాండె. లేచి వస్తాంటి.

పుష్యం వచ్చింది. చేన్లన్నీ ఖాళీ. ఒక పొద్దు మధ్యాన్నం తిన్నాక రంగస్వామి, కోడలు పత్తికొండకు సంతకు పోయిరి. గోడ ఆ పక్కనుంచి గొంతు.

"సుంకీ. బండి చార్జింగుండాదా?"

నా పానం లేచి వచ్చె. "ఉండాదక్కా!"

"తీ. బయటికి పోదాము."

ఎనక కడ్డీ పట్టుకునింది. సందులో ఇద్దరు ముగ్గురు చూసిరి గానీ నేను పక్కనుంటి కాబట్టి ఏమీ అనలే. ఊరు దాటితే బయలు. గట్టి ఎర్ర నేల, గొర్రెలు తిరిగి తిరిగి చదునయిపోయింది. చెట్టు లేదు, గుంత లేదు. ఆడికి పోయినాక, "దిగు" అనింది.

దిగితి. ఆయమ్మ సీటు తడుముకోని కూర్చునింది. కాళ్ళు సర్దుకునింది. మొదటి పొద్దు నేను కూర్చున్నట్ల కాదు, ఎన్నేండ్లో తోలిన మనిషి మాదిరి కూర్చునింది. నేను కింద పడకుండా ఆయమ్మ భుజం మీద చెయ్యేసి నిలబడితి.

"ముందర ఏముండాది?"

"ఏమీ లేదక్కా. ఖాళీ. కుడి పక్క శానా దూరంలో గొర్రెల దొడ్డి. ఎడమ పక్క కరెంటు స్తంభాలు, అవీ దూరమే."

"పిడి ఇదేనా?"

"అదే. మెల్లగ తిప్పల్ల. ఇడిస్తే నిలబడతాది."

తిప్పింది. మెల్లగ కాదు. బండి ఎగిరి దుంకింది, నా చేతి కింద నుంచి ఆయమ్మ భుజం జారి పోయింది. నేను పడబోయి ఎట్లనో నిలబడితి.

"కుడికి అక్కా, కొంచెం కుడికి!" అని అరిస్తి. నా మాటకు తిరిగింది. "అంతే, అట్ల పో, నేరుగా పో!" నేరుగా పోయింది. కొంగు ఎగురుతాండాది. ఇడువక్కా, పిడి ఇడువు, చాలు అనాలని నోటి దాంక వచ్చె. ఆయమ్మ నవ్వుతాండాదా, ఏడుస్తాండాదా, ఎనక నుంచి ఏం తెలుస్తాది. నేను నోరు మూసుకుంటి.

ఎర్రది చిన్నదాయె, ఇంకా చిన్నదాయె. ఇంగ నేను అరిచినా అందదు. అప్పుడు కూడా బండి వంకర పోలే. ఆ దూరాన యాడనో నిలబడింది. ఆయమ్మ దిగలే, ఎనక్కి తిరగలే. ఊరికే కూర్చోని ఉండాది, ఆ పక్క మొగం పెట్టుకోని.

కట్టె లేదు నా చేతిలో. కూర్చుంటే మళ్ళ లేవలేను. నడవలేను. ఎండ నెత్తి మీదుండాది. ఆయమ్మ ఎప్పుడు తిప్పుకుంటాదో, తిప్పుకుంటాదో లేదో తెలీదు. అందదని కాదు, పిలవకుండా నిలబడే ఉంటి.